టీవీ కుర్చీ ఎక్కాలా, మళ్లీ హెల్మెట్ పెట్టుకోవాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు అమెరికా ఫుట్‌బాల్ మీదే, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ మీద. ఆ ఆట చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, బంతి విసిరేది అతనే, ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి అప్పటికప్పుడు ఎత్తు మార్చేదీ అతనే, అందుకే ఎదుటి జట్టులో నూటపాతిక కిలోల మనుషులంతా అతన్ని నేలకేసి కొట్టడానికే పరుగెత్తుకొస్తారు. మిగతాది జవాబుల్లో తెలిసిపోతుంది.

మేముండేది డాలస్ జట్టు కౌబాయ్స్ ఆఫీసుకి దగ్గర్లోనే. వాళ్ల పాత క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ఇంకో రెండేళ్లు హాయిగా ఆడేవాడని, టీవీ డబ్బు చూసి ఆట వదిలేశాడని మావారు ప్రతి సీజన్‌లోనూ గొడవ. మా అబ్బాయికి రోమో అంటే కామెంటేటరే, ఆడేవాడంటే నమ్మడు. ఎవరి మాట కరెక్టు?
*ఓ పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్*

మీవారి మాటలో సగం నిజముందండీ. 2017లో రోమో వయసు 36, ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌కి అది పెద్ద వయసేం కాదు, హ్యూస్టన్‌కి వెళ్తాడనీ డెన్వర్‌కి వెళ్తాడనీ పేపర్లు రోజూ రాసేవి. కానీ ఒంటి సంగతి కూడా చూడాలి కదా. 2015 సీజన్‌లో ఎడమ కాలర్ బోన్ ఒకసారి కాదు, రెండుసార్లు విరిగింది. తర్వాతి ఏడాది ఆగస్టులో, లెక్కలోకి కూడా రాని ప్రీ సీజన్ మ్యాచ్‌లో, సియాటెల్‌లో వెనక నుంచి పడ్డ ఒక్క దెబ్బకి వెన్నుపూస చిట్లింది. అతను కోలుకునేలోపు డాక్ ప్రెస్కాట్ అనే కొత్త కుర్రాడు వరసగా గెలిపించుకుంటూ పోయాడు, ఆ ఏడాది జట్టు 13 గెలిచి 3 ఓడింది. నవంబర్‌లో రోమో మైకు ముందుకొచ్చి, ఈ స్థానం ఆ కుర్రాడు సంపాదించుకున్నాడు అని కాగితం చూసి చదివాడు. ఆ వీడియో మీ అబ్బాయికి చూపించండి.

ఇక టీవీ సంగతి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 32, అంటే మొదటి క్వార్టర్‌బ్యాక్ ఉద్యోగాలు 32. టీవీలో పెద్ద మ్యాచ్‌లకి కూర్చునే నంబర్ వన్ విశ్లేషకుల కుర్చీలు ఎన్నంటే సీబీఎస్, ఫాక్స్, ఎన్‌బీసీ, ఈఎస్‌పీఎన్, ఇప్పుడు అమెజాన్, వెరసి అయిదు. అయిదూ ఒకేసారి ఖాళీ కావు, ఒకటి ఖాళీ అయితే పదేళ్ల దాకా మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. 2017 ఏప్రిల్‌లో సీబీఎస్ వాళ్లు ఫిల్ సిమ్స్‌ని తీసి, ఎప్పుడూ మైకు పట్టి మ్యాచ్ చెప్పని రోమోకి నేరుగా తమ ప్రధాన కామెంటేటర్ జిమ్ నాన్జ్ పక్కన కుర్చీ వేశారు. చిట్లిన వెన్నుతో హ్యూస్టన్ వెళ్లి, ఇంకో దెబ్బ తిని, ఏడాది తర్వాత వస్తాను నా కుర్చీ ఉంచండి అంటే ఉంచేవాళ్లు కాదు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని, మీవారున్నా అదే చేసేవారు.

ఇంకోటి, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టీవీ వాళ్లకి కావలసింది తాజాదనం. 2019 జనవరిలో కాన్సాస్ సిటీ, న్యూ ఇంగ్లండ్ జట్ల సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో రోమో బంతి ఎటు పోతుందో ముందే చెప్తుంటే జనం నోళ్లు తెరిచారు. అదేం జాతకం కాదు, రెండేళ్ల కిందటి దాకా అవే జట్లని, అవే ఎత్తుల్ని ఎదురుగా చూసినవాడు కాబట్టి చెప్పగలిగాడు. ఆ ఊపులోనే 2020లో ఏడాదికి సుమారు 1.7 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కుదిరిందని వార్తలొచ్చాయి. ఇప్పుడు అదే రోమో అరుస్తున్నాడు, వాగుతున్నాడు అని తిట్టేవాళ్లు ఎక్కువయ్యారు, ఆ పాత జోస్యాలూ తగ్గాయి, ఎందుకంటే ఆటగాళ్లు మారారు, ఎత్తులు మారాయి. అంటే మైదానంలో లాగే టీవీలోనూ వయసు మీద పడుతుంది.

ఫ్రిస్కో వాళ్లు కాబట్టి ఒక చిన్న ముచ్చట: కౌబాయ్స్ ఆఫీసు 2016లో మీ ఊరికి రాకముందు అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఉండేది. రోమో ఎదిగిందంతా అక్కడే. ఇప్పుడా పేట నిండా మనవాళ్ల ఇళ్లే.

టీవీలో కూర్చుని మళ్లీ ఆటకి వచ్చినవాళ్లు ఉన్నారా? వచ్చి ఏం సాధించారు?
*ఓ పాఠకుడు, షార్లెట్*

ఉన్నారు, కొందరు అద్భుతంగా ఆడారు, కొందరి గురించి మాట్లాడకపోవడమే మర్యాద. కానీ మాట్లాడకుండా ఎలా ఉంటాం.

జే కట్లర్ 2017 మేలో ఫాక్స్‌తో సంతకం పెట్టాడు. ఆగస్టు మొదట్లో మయామి క్వార్టర్‌బ్యాక్ ర్యాన్ టానెహిల్ మోకాలు దెబ్బతింది, అక్కడి కోచ్ ఆడమ్ గేస్ అంతకుముందు షికాగోలో కట్లర్‌తో పనిచేసినవాడే, ఫోన్ వెళ్లింది, కోటి డాలర్లకి మనిషి దిగాడు. ఫాక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా చెప్పకుండానే టీవీ కెరీర్ అయిపోయింది. ఫిట్‌నెస్ గురించి అడిగితే క్వార్టర్‌బ్యాక్‌ని కదా, అంత దమ్ము అక్కర్లేదు అన్నట్టు మాట్లాడాడు. ఆ ఏడాది లండన్‌లో జరిగిన మ్యాచ్‌లో అతన్ని ఒకసారి పక్కకి పంపి వేరేవాడితో ఎత్తు వేయిస్తే, బంతి కదిలినా తను మాత్రం నడుం మీద చేతులేసుకుని బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. జట్టు 6 గెలిచి 10 ఓడింది. అంతే సంగతులు.

జేసన్ విటెన్‌ది వేరే కథ. కౌబాయ్స్‌కి 15 ఏళ్లు ఆడాడు, మొదటి ఏడాది దవడ విరిగి ఒక్క మ్యాచ్ పోయిందే తప్ప మరెప్పుడూ మానలేదు. అలాంటివాణ్ణి 2018లో ఈఎస్‌పీఎన్ మండే నైట్ మ్యాచ్‌లకి కూర్చోబెట్టారు, పాపం మైకు ముందు మాట తడబడేది, సామెతలు తిరగబడేవి, సోషల్ మీడియాలో జనం వారం వారం ఆడుకున్నారు. ఏడాది తిరక్కుండా జెర్సీ వేసుకున్నాడు. 2017లో క్వార్టర్‌బ్యాక్ విసిరితే అతను పట్టిన బంతులు 63, ఏడాది కుర్చీలో కూర్చుని 2019లో వచ్చి పట్టినవీ 63. అంటే ఆటలో ఏమీ తగ్గలేదు, కామెంట్రీయే చేతకాలేదు. అతను ఆట మీద ప్రేమతో వచ్చాడు అని అప్పట్లో అందరూ రాశారు గానీ, నాకైతే టీవీ టెన్షన్ తట్టుకోలేక వచ్చాడనిపిస్తుంది, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు.

బాగా ఆడినవాళ్లలో రాండల్ కనింగ్‌హమ్ పేరు ముందు చెప్పాలి. 1996లో ఏ జట్టూ అతన్ని పట్టించుకోక రిటైరయ్యాడు, లాస్ వేగస్‌లో గ్రానైట్ వ్యాపారం పెట్టుకున్నాడు, టీఎన్‌టీలో విశ్లేషణా చేశాడు. మరుసటి ఏడాది మినెసోటా పిలిస్తే వెళ్లాడు, 1998లో ఆ జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది, 34 టచ్‌డౌన్లు, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించే పాసులు, విసిరాడు. సూపర్ బౌల్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి, ఒక్క అడుగు దూరంలో, ఆ సీజనంతా ఒక్క కిక్కూ తప్పని ఆ జట్టు కిక్కర్ గ్యారీ ఆండర్సన్ సరిగ్గా అప్పుడే తప్పాడు. మినెసోటా వాళ్లు ఇప్పటికీ ఆ మాటెత్తనివ్వరు.

డియోన్ సాండర్స్ సీబీఎస్‌లో కూర్చుని, 2004లో 37 ఏళ్ల వయసులో బాల్టిమోర్‌కి వచ్చి, తన వయసునే జెర్సీ నంబరుగా వేసుకున్నాడు! రాబ్ గ్రాంకౌస్కీ 29 ఏళ్లకే ఒళ్లు హూనమై రిటైరై, ఫాక్స్‌లో ఒక సీజన్ కబుర్లు చెప్పి, 2020లో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వెంట టాంపాకి వెళ్లి సూపర్ బౌల్‌లో రెండు టచ్‌డౌన్లు కొట్టాడు.

ఈ ఇద్దరినీ, కట్లర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. దెబ్బలు మానడానికి ఏడాదికి పైగా విశ్రాంతి తీసుకుని, మంచి జట్టుని చూసుకుని వచ్చినవాడికి కలిసొచ్చింది. జట్టులో ఎవరికో మోకాలు పోయిందని ఆగస్టులో ఫోనొస్తే పరుగెత్తినవాడికి కలిసి రాలేదు.

44 ఏళ్ల తాతగారు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మళ్లీ ఆడారట, మనవడు కూడా ఉన్నాడట. నిజమా, వాట్సాప్ కథా?
*ఓ పాఠకుడు, విజయవాడ*

నిజమేనండీ. ఫిలిప్ రివర్స్. ఆఖరి మ్యాచ్ 2021 జనవరిలో ఆడాడు, ఆ తర్వాత టీవీ జోలికి పోకుండా అలబామాలో హైస్కూల్ పిల్లలకి కోచింగ్ ఇచ్చుకుంటున్నాడు, పదిమంది సంతానం, తాత కూడా అయ్యాడు. 2025 డిసెంబర్‌లో ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ మడమ పైనుండే అకిలీస్ స్నాయువు తెగింది. కోచ్ షేన్ స్టైకెన్ పాత పరిచయం, తమ జట్టు ఎత్తులు రివర్స్‌కి తెలుసు, పిలిచారు, వచ్చాడు. వారం తిరక్కుండా సియాటెల్ లాంటి గట్టి జట్టు మీద దిగి, చివరి నిమిషం దాకా నిలబెట్టి 18-16తో ఓడాడు. మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ ఓటమే. పైగా అప్పటికే ఆట దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికలో సెమీఫైనల్ జాబితాలో ఉన్నాడు, మళ్లీ ఆడడంతో రిటైరయ్యాక ఆగాల్సిన అయిదేళ్ల గడువు మొదటికొచ్చింది. లాభనష్టాలు లెక్కేస్తే శుద్ధ దండగ పని. నాకు మాత్రం ఆ సీజన్‌లో అందరికన్నా నచ్చిన మనిషి అతనే.

విరిగిన కాలుతో మళ్లీ ఆడడం మూర్ఖత్వం కాదా? ఫిజియోథెరపిస్టుగా అడుగుతున్నాను.
*ఓ పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ*

అలెక్స్ స్మిత్ గురించే అడుగుతున్నారని అర్థమైంది. 2018 నవంబర్ 18న వాషింగ్టన్ తరఫున ఆడుతుండగా కుడి కాలు విరిగింది, ఇన్ఫెక్షన్ ముదిరి కాలు తీసేయాలేమో, ప్రాణమే పోతుందేమో అనేదాకా వెళ్లింది. 17 సర్జరీలు. 2020 అక్టోబర్‌లో మళ్లీ మైదానంలో దిగాడు, అతను మొదటి నుంచి ఆడిన 6 మ్యాచ్‌ల్లో జట్టు 5 గెలిచింది, కమ్‌బ్యాక్ ఆటగాడి అవార్డు ఇచ్చారు, 2021లో రిటైరై ఈఎస్‌పీఎన్‌లో చేరాడు. వైద్యం తెలిసిన మీకు అది పిచ్చిపనిలా కనిపిస్తే తప్పు పట్టను, నేనా మ్యాచ్ చూస్తూ ప్రతి దెబ్బకీ కళ్లు మూసుకున్నాను. కానీ డబ్బు కోసం కాదు, అవసరం ఉండీ కాదు, మంచం మీద ఉన్నప్పుడు పెట్టుకున్న లక్ష్యం అది. ఆ లక్ష్యం లేకపోతే అన్ని నెలల వ్యాయామం చేసేవాడా? మీ దగ్గరికొచ్చే పేషెంట్ల సంగతి నాకన్నా మీకే తెలుసు.

ఒక విచిత్రం చెప్పనా. 1985లో అదే నవంబర్ 18న అదే వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు టీవీలో అందరూ చూస్తుండగా విరిగింది. రెండు మ్యాచ్‌ల స్కోరూ 23-21. స్మిత్ కాలు విరిగినప్పుడు థైస్‌మన్ ఆ స్టేడియంలోనే ఉన్నాడు. థైస్‌మన్ మళ్లీ ఆడలేకపోయాడు, కానీ దెబ్బ తగలడానికి కొన్ని నెలల ముందే, ఇంకా ఆటగాడిగా ఉండగానే, ఏబీసీ కోసం సూపర్ బౌల్ కామెంట్రీ చెప్పేశాడు! దారి ముందే వేసి పెట్టుకున్నాడన్నమాట. తర్వాత ఈఎస్‌పీఎన్‌లో ఏళ్ల తరబడి అతని గొంతు వినిపించింది.

బ్రేడీకి ఫాక్స్ టీవీ పదేళ్లకి 37.5 కోట్ల డాలర్లా? ఆ కుర్చీలో బాగా చెప్తున్న గ్రెగ్ ఓల్సన్‌ని దించేసి మరీ! ఇది అన్యాయం.
*ఓ పాఠకుడు, అట్లాంటా*

అన్యాయమే. ఓల్సన్ సూపర్ బౌల్ చెప్పాడు, టీవీ వాళ్ల అవార్డు ఎమ్మీ కొట్టాడు, అయినా 2024లో రెండో టీమ్‌కి వెళ్లాడు. బ్రేడీ 2022 ఫిబ్రవరిలో రిటైరై, 40 రోజుల్లో మనసు మార్చుకున్నా, ఇంకా ఆడుతుండగానే ఫాక్స్ అతని కోసం కాంట్రాక్ట్ రాసిపెట్టుకుని కూర్చుంది. 2023లో మళ్లీ రిటైరై ఏడాది సెలవు తీసుకుంటే అప్పుడూ ఎదురుచూసింది. రోమోకి ఆగని కుర్చీ బ్రేడీకి ఆగింది, పేరుకి ఉన్న బలం అది. పైగా అతనికి రైడర్స్ జట్టులో వాటా కూడా ఉంది కాబట్టి మొదటి సీజన్‌లో వేరే జట్ల ప్రాక్టీసుకి వెళ్లకూడదు, కోచ్‌లతో జరిగే మీటింగుల్లో కూర్చోకూడదు అని లీగ్ ఆంక్షలు పెట్టింది. సమాచారం తెచ్చుకునే దారి మూసేసి విశ్లేషణ చెప్పమంటే ఎలా? ఓల్సన్‌కి ఆ బాధ లేదు. నేనైతే ఓల్సన్ చెప్పే మ్యాచే పెట్టుకుంటాను.

మన దగ్గర ఇలాంటివాళ్లు లేరా?
*ఓ పాఠకుడు, హైదరాబాద్*

క్రికెట్‌లో అయితే మన అంబటి రాయుడే ఉన్నాడు కదా, 2019లో వరల్డ్ కప్‌కి తీసుకోకపోతే త్రీడీ కళ్లద్దాల ట్వీట్ పెట్టి, జులైలో రిటైరై, ఆగస్టులో వెనక్కి తీసుకుని, 2023లో చెన్నైతో ఐపీఎల్ గెలిచాకే ఆపి, ఇప్పుడు కామెంట్రీ బాక్స్‌లో ఉన్నాడు.

కాలితో ఆడే ఫుట్‌బాల్‌లో సునీల్ ఛెత్రి. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో దేశం తరఫున ఆడడం మానేశాడు, 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవ్స్ మీద గోల్ కొట్టాడు. రమ్మని పిలిచింది మనోలో మార్క్వెజ్, 2022లో మీ హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిపెట్టిన కోచే. రిటైరైనవాణ్ణి పిలిచాడని మార్క్వెజ్‌ని చాలామంది తిట్టారు, నాకది సబబనిపించలేదు, ఎందుకంటే ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో భారత ఆటగాళ్లందరిలో ఎక్కువ గోల్స్ ఆ 40 ఏళ్ల మనిషివే, కుర్రాళ్లని ఆడిద్దామంటే గోల్ ముందు నిలబడే తొమ్మిదో నంబరు స్థానంలో క్లబ్బులన్నీ విదేశీయుల్నే పెట్టుకుంటున్నాయి. ఛెత్రి వచ్చినా ఆసియా కప్‌కి క్వాలిఫై కాలేకపోయాం. ఆ లోటు ఇంకా అలాగే ఉంది, ఈసారి పిలవడానికి మాత్రం ఛెత్రి లాంటివాడు ఇంకొకడు లేడు.