మొదటి లెన్సుగా 85 వద్దు: పందిట్లో వెనక్కి జరగడానికి చోటుండదు

క్రాప్ సెన్సర్ (35 ఎం.ఎం. ఫిల్ము కంటే చిన్న సెన్సర్) కెమెరాతో పెళ్ళిళ్ళు తీయడం మొదలుపెడుతున్నానని, ప్రస్తుతానికి ఒక్క లెన్సు మాత్రమే కొనగలనని, 85 ఎం.ఎం. (ఈ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది) ఎఫ్/1.8 (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ వస్తుంది) కొనమని మిత్రులందరూ చెబుతున్నారని, అది సరైన సలహాయేనా అని మీరు అడిగారు. కాదు. ఆ మిత్రులు పెళ్ళిళ్ళకు భోజనానికి వెళ్ళి ఉంటారే తప్ప, ముహూర్తం వేళ పురోహితుడి పక్కన కెమెరా పట్టుకుని నిలబడి ఉండరని నా గట్టి నమ్మకం.

నేను గుంటూరులో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు తీస్తాను. సుమారు పదేళ్ళ క్రితం నేనూ మీలాగే క్రాప్ బాడీకి 85 తగిలించుకొని తెనాలి దగ్గర ఒక పల్లెకు వెళ్ళాను. ముందురోజు పెళ్ళికూతురిని చేసినప్పుడు కిటికీ వెలుగులో తీసిన ఫొటోల్లో వెనకున్న బీరువా, మంచం, చుట్టాలు అన్నీ కరిగిపోయి అమ్మాయి ముఖం ఒక్కటే నిలిచింది. అవి చూసుకొని మురిసిపోయి, కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సును ఇంట్లోనే వదిలేశాను.

ముహూర్తం రాత్రి రెండు దాటాక. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి, అందులో చిన్న మండపం. తెరకు అటూ ఇటూ వధూవరులు, వాళ్ళ చుట్టూ తల్లిదండ్రులు, మేనమామలు, పురోహితులు. నాకు మిగిలింది ఒక పక్కగా ఆరడుగుల దూరం. ఇద్దరి ముఖాలూ, తలల మీది చేతులూ ఒక్క ఫ్రేములో పట్టడం లేదని వెనక్కి అడుగు వేయబోతే వీపు పందిరి రాటకు తగిలింది. పక్కకు జరగబోతే కాలు డోలుకు తగిలి భజంత్రీ కసురుకున్నాడు. అంతలో ఆయనే గట్టిమేళం ఎత్తుకున్నాడు, జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయింది. నా దగ్గర మిగిలింది అమ్మాయి నుదురు, కళ్ళు, బాసికం, మణికట్టు దగ్గర తెగిపోయిన ఒక చెయ్యి. ఫొటోలు చూసిన పెళ్ళికూతురి నాయనమ్మ, "ఫొటో బాగానే ఉంది గానీ, పెళ్ళికొడుకేడీ నాయనా?" అని అడిగారు. చివరికి ఎవరో బంధువు సెల్‌ఫోనులో తీసిన ఫొటోను బతిమాలి తెచ్చుకొని ఆల్బంలో ఆ పేజీకి పెట్టుకున్నాను.

తరువాత లెక్క వేసి చూస్తే తప్పు నాదేనని తేలింది. కానన్ క్రాప్ సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. దాని ముందు 85 పెట్టి ఆరడుగుల దూరం నుంచి తీస్తే, అడ్డంగా పట్టుకున్న ఫ్రేములో ఇమిడేది సుమారు అడుగున్నర వెడల్పు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు అందులో ఎలా పడతారు? అదే చోటు నుంచి 17 ఎం.ఎం.తో దాదాపు ఎనిమిది అడుగుల వెడల్పు వస్తుంది.

చీకట్లో ఎఫ్/1.8 ఆదుకుంటుంది కదా అని మీరు అనవచ్చు. ఎఫ్/2.8 కంటే దాదాపు రెండున్నర రెట్ల వెలుగు వస్తుందన్నది నిజమే. కానీ ఆ లెన్సుతో, ఆ దూరంలో, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) అంత తెరిస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. పక్క నుంచి తీసేటప్పుడు పెళ్ళికూతురి కళ్ళు స్పష్టంగా ఉంటే పెళ్ళికొడుకు మసకబారతాడు. ఇద్దరూ స్పష్టంగా రావాలంటే అపర్చర్ తగ్గించక తప్పదు, అప్పుడు 1.8కి పెట్టిన డబ్బు పందిట్లో పనికిరాకుండా పోతుంది. వెనకంతా మసకగా ఉంటేనే మంచి ఫొటో అన్న పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆ మసకలోనే మేనత్తలూ బాబాయిలూ మాయమైపోతున్నారు. ఆల్బం డబ్బులు ఇచ్చేది వాళ్ళే!

కాబట్టి క్రాప్ బాడీకి 17-50 ఎఫ్/2.8 జూమ్ కొనండి. టామ్రాన్, సిగ్మా రెండూ ఈ రకం తయారుచేశాయి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా తప్పు లేదు. మీది మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే సిగ్మా 18-50 ఎఫ్/2.8 చూడండి. అందరూ పొగిడే 24-70 ఫుల్ ఫ్రేముకు (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్ ఉన్న కెమెరాకు) రాజే, కానీ కానన్ క్రాప్ మీద దాని 24 కాస్తా 38లా పనిచేస్తుంది కనుక మండపం మీద మళ్ళీ అదే ఇరుకు. కిట్ లెన్సుతోనే సరిపెట్టుకుందామంటే, 55 దగ్గర అది ఎఫ్/5.6కు పడిపోతుంది, అంటే 2.8లో నాలుగో వంతు వెలుగు. తలంబ్రాలు చేతిలోంచి జారే వేగానికి 1/250 సెకను షట్టర్ పెట్టారంటే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఆకాశానికి పోయి ఫొటో గరుకవుతుంది. వీడియో వాళ్ళ ఎల్‌ఈడీ లైటు ఉందిలే అనే భరోసా పెట్టుకోకండి, మీకు కావలసిన క్షణంలో వాళ్ళు దాన్ని మామగారి ముఖం మీదికి తిప్పుతారు.

ఆ 85 ఇప్పటికీ నా బ్యాగులో ఉంది. అమ్మాయిని ముస్తాబు చేసే గదిలోనూ, అప్పగింతలప్పుడు దూరంగా నిలబడి తండ్రి ముఖం తీయడానికీ అదే వాడతాను. మీకూ దాని మీదే మనసుంటే, కొనేముందు ఒక్క రోజుకు విజయవాడలో అద్దెకు తీసుకొని, చుట్టాల పెళ్ళిలో ముహూర్తానికి పావుగంట ముందు వెళ్ళి, పందిరి రాటకు వీపు ఆనించి నిలబడి అందులోంచి పీటల వైపు చూడండి.