కిక్కిరిసిన తారల మధ్య బొంగరాలు

ప్రశ్న: సెకనుకు వందలసార్లు తిరిగే పల్సార్లు గోళాకార తారాగుచ్ఛాల్లోనే ఎక్కువట, ఎందుకు? అంత దూరంలో ఉన్నవాటిని ఎలా పట్టుకుంటారు?

జవాబు: పల్సార్ అంటే లైట్‌హౌస్ దీపంలా రేడియో కిరణాన్ని తిప్పుతూ గిరగిరా తిరిగే న్యూట్రాన్ తార, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన అతి దట్టమైన గుండె. గోళాకార తారాగుచ్ఛం అంటే లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన గుంపు. ఈ పల్సార్లు గుచ్ఛాల బయటా ఉన్నాయండీ, 1982లో మొట్టమొదటిది దొరికింది బయటే. కానీ నక్షత్రాల సంఖ్యతో పోల్చి చూస్తే గుచ్ఛాల్లోనే చాలా ఎక్కువ. కారణం అక్కడి ఇరుకు. మన సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమే నాలుగు కాంతి సంవత్సరాల అవతల ఉంది. బాగా దట్టమైన గుచ్ఛం నడిమధ్యలోనైతే అంత చోటులో లక్షల నక్షత్రాలు ఉంటాయి. అలాంటి చోట, ఎప్పుడో వేగం తగ్గి మూగబోయిన న్యూట్రాన్ తారకు కొత్త జంట దొరకడం తేలిక. ఆ జంట తార ఉబ్బినప్పుడు దాని వాయువు సుళ్లు తిరుగుతూ వచ్చి పడుతుంది, తాడు లాగిన బొంగరంలా న్యూట్రాన్ తార మళ్లీ వేగం అందుకుంటుంది.

పట్టుకోవడమే కష్టం. రేడియో సంకేతం చాలా బలహీనం, గంటల తరబడి వినాలి. దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యం తరంగాలు ఆలస్యంగా చేరతాయి, ఆ తేడా సరిచేయకపోతే స్పందనలు, అంటే కిరణం మనవైపు తిరిగిన ప్రతిసారీ వచ్చే రేడియో మెరుపులు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైగా పల్సార్ జంట తార చుట్టూ తిరుగుతుంటే స్పందనల వేగం మారుతూనే ఉంటుంది కాబట్టి ఏ త్వరణంతో కదులుతోందో కంప్యూటర్ వేల రకాలుగా ఊహించి చూడాలి. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ఒక గుచ్ఛంలో ఒక్క పల్సార్ దొరికితే చాలు, ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది, మిగతావాటికీ దాదాపు అంతే కాబట్టి వెతుకులాట ఎంతో తగ్గుతుంది.

టెర్జాన్ 5 గుచ్ఛంలో ఇలాగే ఒకదాని వెంట ఒకటి దొరికి 2024 నాటికి 49 అయ్యాయి. ఇప్పటిదాకా తెలిసినవాటిలో అత్యంత వేగంగా తిరిగేదీ అందులోనే ఉంది, సెకనుకు 716 సార్లు, అంటే నిమిషానికి దాదాపు 43 వేలు! 2004లో అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోప్ డేటాలో, అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న జేసన్ హెసెల్స్ దాన్ని గుర్తించారు. జంట తార వాయువు అడ్డొచ్చి చాలాసేపు కనిపించదు కూడా, అయినా దొరికింది.

మన దేశం సంగతీ చెప్పాలి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ కనిపెట్టిన మొదటి పల్సార్ ఎన్‌జీసీ 1851 అనే గుచ్ఛంలోదే. సెకనుకు 200 సార్లు తిరుగుతుంది, కక్ష్య మాత్రం బాగా సాగదీసిన కోడిగుడ్డులా ఉంటుంది. వాయువు తాగి వేగం పెంచుకున్న జంటల కక్ష్య మామూలుగా గుండ్రంగా ఉండాలి. కాబట్టి దీనికి వేగం ఇచ్చిన పాత జంట వేరే అయి ఉంటుందని, గుంపులో ఇంకో తార దగ్గరగా వచ్చి దాని స్థానంలో చేరిందని శాస్త్రవేత్తల అంచనా.