కెనడాలోని ఆల్బర్టాకు అమ్మానాన్నలు వస్తున్నారు, ఏం చూపించాలి? షాపింగ్ ఎక్కడ?

అందరూ వెళ్లే కొండల పార్కు బాన్ఫ్ కాకుండా ఇంకేం చూపించాలి, ఊరికి తీసుకెళ్లడానికి ఏం కొనిపించాలి అని కదా మీ ప్రశ్న. మాల్ సంగతి చివర్లో చెప్తాను. ముందు వాళ్లను కారెక్కించి హెడ్-స్మాష్డ్-ఇన్ బఫెలో జంప్ అనే పాత వేట స్థలానికి తీసుకెళ్లండి. పేరు చూసి భయపడకండి.

మా అమ్మ కాల్గరీ వచ్చినప్పుడు నేనూ అందరిలాగే మొదట వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌కే తీసుకెళ్లాను. 800కి పైగా షాపులు, లోపలే ఐస్ రింక్, అలలొచ్చే కొలను. గంట నడిచి బెంచీ మీద కూలబడి, "ఇంత దూరం రప్పించి బజారు చూపెడ్తవేందిరా" అంది. ఆవిడ మోకాళ్ల గురించి నాకు ముందే తెలుసు, అయినా బుద్ధి లేదు.

తర్వాతి శనివారం ఆ బఫెలో జంప్ చూడ్డానికి ఫోర్ట్ మాక్లియోడ్ ఊరి వైపు వెళ్లాం. కాల్గరీకి దక్షిణంగా రెండు గంటల లోపే. అక్కడి గాలి మామూలుది కాదు, కొంగు బొడ్లో దోపుకున్నా నిలవలేదు. అక్కడి మ్యూజియం లిఫ్టులో పైకెళ్లి కొండ అంచు చూసి, ఒక్కో అంతస్తూ దిగుతూ రావచ్చు కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది లేదు. గుర్రాలు రాకముందు అక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ వాళ్ల పూర్వీకులు రాళ్లకుప్పలు వరసగా పేర్చి, ఆ దారిలో అడవిదున్నల మందను అంచుదాకా తరిమి కింద పడేలా చేసేవారు. దాదాపు 6,000 ఏళ్లు ఇలాగే వేటాడారు. కింద ఎముకల పొర 10 మీటర్ల పైనే ఉంది. ఈ చోటు 1981లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మాంసం చీలికలు దండేల మీద ఆరేసిన బొమ్మ దగ్గర అమ్మ ఆగిపోయింది. "ఇవి ఒరుగులే కదరా!" బ్లాక్‌ఫుట్ గైడు ఒకావిడ ఎండిన మాంసాన్ని దంచి, కొవ్వు, పండ్లు కలిపి పెమ్మికన్ ఎలా చేస్తారో చెప్తోంది. అమ్మ నాచేత అడిగించిన ప్రశ్న ఒకటే: ఉప్పు వెయ్యకపోతే పురుగు పట్టదా? బాగా ఎండితే, కొవ్వు గాలి తగలనివ్వకపోతే ఏళ్లు నిలుస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అమ్మ నమ్మలేదు. కారులో కూడా అదే మాట.

కొనడమంటే నా లెక్కలో చేతిపనే. ఎవరు చేశారో అడిగి పూసల కమ్మలు, మొకాసిన్లు (మెత్తటి తోలు జోళ్లు) కొనండి. టూరిస్టు వీధిలో నేను కొన్న డ్రీమ్ క్యాచర్ (పీడకలలు రాకుండా వేలాడదీసే వల) వెనక చైనా స్టిక్కర్ ఉంది. అసలది ఓజిబ్వే అనే మరో ఆదివాసీ తెగది, బ్లాక్‌ఫుట్ వాళ్లది కాదు. మనవాళ్లు సూట్‌కేసు నిండా బాదంపప్పు ఎందుకు మోసుకెళ్తారో నాకింతవరకు అర్థం కాలేదు. అవి పండేది కాలిఫోర్నియాలో, అవే మన ఊళ్లోనూ అమ్ముతారు!

ఆల్బర్టాలో రాష్ట్ర అమ్మకం పన్ను లేదు, 5 శాతం జీఎస్టీ ఒక్కటే. అంటారియో రాష్ట్రంలో అయితే 13. కాకపోతే చీటీ మీది ధరలో పన్ను ఉండదు, బిల్లులో కలుపుతారు. ఇది నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే కౌంటర్ దగ్గర పంచాయితీ. టూరిస్టులకు పన్ను వాపసు 2007లోనే ఎత్తేశారు, బిల్లులు దాచి లాభం లేదు.

ఇక మాల్ అంటారా, వాన పడ్డ రోజు వెళ్లండి. వెళ్లగానే బెంచీ ఎక్కడుందో చూసుకోండి.