కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదు, నొప్పి మాత్రం వదలడం లేదు

ప్రశ్న: నా వయసు 38. ఏలూరు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా పొత్తికడుపు కింద నొప్పి, బరువుగా ఉండటంతో బాధపడుతున్నాను. మూత్రం నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది, వెళ్లొచ్చాక కాసేపు తగ్గుతుంది. పగలు ముప్పావు గంటకోసారి, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది. ఒక్కోసారి లోపల మెలిపెట్టినట్టు కండరాలు పట్టేస్తాయి, అప్పుడు నిలబడి పాఠం కూడా చెప్పలేను. మొదట ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ చాలాసార్లు ఇచ్చారు. ఏడాదిగా యూరిన్ కల్చర్ ఎప్పుడు చేయించినా నార్మలే. స్కానింగ్‌లోనూ ఏమీ లేదు. యూట్యూబ్‌లో చూసి కీగల్ వ్యాయామాలు చేస్తే ఇంకా ఎక్కువైంది. ఇంట్లో వాళ్లు ‘అంతా టెన్షనే’ అంటున్నారు. ఇది నిజంగా జబ్బేనా? క్యాన్సర్‌కి దారితీస్తుందా? జీవితాంతం ఇంతేనా?
– ఒక సోదరి, ఏలూరు

సలహా: మీది నిజమైన జబ్బే అమ్మా. రిపోర్టులు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు. మీరు రాసిన లక్షణాలు చూస్తే ‘బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్’, దానికి తోడు కటి కండరాలు బిగుసుకుపోవడం, ఈ రెండూ కలిసి ఉన్నట్టు అనిపిస్తోంది. మొదటిదాన్ని ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అని కూడా అంటారు. ఇన్ఫెక్షన్ లేకుండా మూత్రాశయానికి సంబంధించిన నొప్పి, ఒత్తిడి ఆరు వారాలకు మించి ఉంటే, దానికి వేరే కారణమేదీ కనిపించకపోతే ఈ జబ్బును అనుమానిస్తాం. నిండుతుంటే నొప్పి, ఖాళీ అయితే ఉపశమనం అన్నది దీని ముఖ్య లక్షణం. అయితే పరీక్షించకుండా ఉత్తరం చూసి జబ్బును ఖాయం చేయలేను. ఒకసారి యూరాలజిస్ట్‌ను గానీ, ఈ సమస్యలు చూసే గైనకాలజిస్ట్‌ను గానీ నేరుగా కలవండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది యాంటీబయాటిక్స్ సంగతి. కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగనప్పుడు వాటితో ప్రయోజనం లేదు. ఈ జబ్బుకి దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ వాడొద్దని అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి. మధ్యలో రెండు మూడు రోజులు తగ్గినట్టు అనిపించవచ్చు. ఈ జబ్బు స్వభావమే పెరుగుతూ తగ్గుతూ ఉండటం కాబట్టి, దానంతటదే తగ్గిన రోజుల్ని కూడా మందు ఖాతాలో వేసుకుంటాం. ఇకమీదట మంట పెరిగితే ముందు కల్చర్‌కి ఇచ్చి, రిపోర్టు చూశాకే యాంటీబయాటిక్ సంగతి ఆలోచించమని మీ డాక్టర్ని అడగండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.

ఇక కండరాల విషయం. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ మూడింటినీ కింద నుంచి మోసే కండరాల పొర ఒకటి ఉంటుంది. ముందు జఘనాస్థి (పొత్తికడుపు అడుగున చేతికి తగిలే ఎముక) నుంచి వెనక తోక ఎముక వరకు పరుచుకుని ఉంటుంది. దాన్నే పెల్విక్ ఫ్లోర్ అంటాం. మూత్రాశయంలో నొప్పి మొదలైతే ఈ కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. బెల్ కొట్టేదాకా ఆపుకోవడం, బడిలో బాత్రూమ్ సరిగా లేక సాయంత్రం దాకా ఓర్చుకోవడం కూడా వాటిని బిగించేస్తాయి. పిడికిలి రోజంతా బిగించి ఉంచితే చెయ్యి ఎలా సలుపుతుందో, లోపల ఈ కండరాలూ అలాగే నొప్పి పుడతాయి. ఆ నొప్పికి మూత్రాశయం మరింత చిరాకుపడుతుంది, మళ్లీ కండరం బిగుస్తుంది. మీరు చెప్పిన మెలిపెట్టే నొప్పి ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

కీగల్ అంటే ఈ కండరాల్ని పదేపదే బిగించే వ్యాయామం. అది చేస్తే ఎందుకు ఎక్కువైందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. దగ్గితే, తుమ్మితే మూత్రం కారే వాళ్లకు, అంటే కండరం వదులైన వాళ్లకు కీగల్ మంచిది. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. వెంటనే ఆపేయండి. యోగా క్లాసుకి వెళ్తుంటే మూలబంధం, అశ్వినీ ముద్ర కూడా ప్రస్తుతానికి వద్దు, అవి కూడా ఇదే కండరాన్ని బిగించేవే. మీకు కావలసింది దాన్ని వదిలేయడం నేర్చుకోవడం.

అది ఇలా మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకొకటి పొట్ట మీద వేయండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలిస్తే పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. గాలి లోపలికి వెళ్లేటప్పుడు డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే శ్వాస కండరం) కిందికి దిగుతుంది, దాంతోపాటు కటి కండరాలు కూడా కిందికి జారి వదులవుతాయి. మూత్రం మొదలయ్యే క్షణంలో కింద ఎలా వదిలేస్తామో సరిగ్గా ఆ భావన రావాలి. ముక్కకూడదు, తోయకూడదు. గాలి వదిలేటప్పుడు మళ్లీ బిగించకండి, ఊరికే ఉండనివ్వండి. పొద్దున, రాత్రి పదేసి నిమిషాలు చాలు. మొదటి వారం ఏమీ తెలియదు. దవడ బిగించుకునే అలవాటుంటే అదీ వదులు చేయండి. పళ్లు బిగించే వాళ్లలో కింద కండరాలు కూడా బిగుసుకుని ఉండటం తరచూ చూస్తుంటాం.

శ్వాస అలవాటయ్యాక మోకాళ్లు ఎడంగా పెట్టి బాలాసనం, పడుకుని అరికాళ్లు కలిపి మోకాళ్లను పక్కలకు వదిలేసే సుప్త బద్ధ కోణాసనం వేయొచ్చు. మోకాళ్ల కింద రెండు వైపులా దిండ్లు పెట్టుకుంటే తొడలు లాగవు. నొప్పి పుట్టేదాకా సాగదీయొద్దు.

ఇంట్లో చేసేవి ఎంత చేసినా, ఈ సమస్యలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీని. శిక్షణ పొందిన మహిళా ఫిజియోథెరపిస్ట్ గ్లవ్స్ వేసుకుని, మీ అనుమతితో, యోని ద్వారా ఒక వేలితో కండరాల్లో ఎక్కడెక్కడ గట్టి ముడులున్నాయో చూసి, వాటిని మెల్లగా నొక్కి వదులు చేస్తారు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, ఫలితం ఉన్న చికిత్స ఇది. 2012లో ఉత్తర అమెరికాలో 81 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం వివరాలు వచ్చాయి. ఈ పద్ధతిలో చికిత్స తీసుకున్నవాళ్లలో 59 శాతం మందికి, మామూలు ఒళ్లు మసాజ్ చేయించుకున్నవాళ్లలో 26 శాతం మందికి మెరుగైంది. విజయవాడ, హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద నగరాల్లో అడిగి చూడండి. ‘కీగల్ నేర్పుతారా’ అని కాకుండా ‘బిగుసుకున్న కటి కండరాల్ని వదులు చేసే చికిత్స చేస్తారా’ అని ముందే ఫోన్‌లో కనుక్కుంటే వృథా ప్రయాణం తప్పుతుంది.

తిండి విషయానికి వద్దాం. మన దగ్గర మూత్రంలో మంట అనగానే ‘వేడి చేసింది’ అని నిమ్మరసం తాగిస్తారు. ఈ జబ్బు ఉన్న చాలామందికి నిమ్మ, బత్తాయి లాంటివి పడవు. టీ, కాఫీ, కూల్ డ్రింకులు, టమాటా, పచ్చిమిర్చి, కారం కూడా అంతే. మన వంటిల్లు నడిచేదే చింతపండు మీద కాబట్టి గోదావరి జిల్లాల ఆడపడుచుకి ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ అన్నీ జన్మంతా మానేయక్కర్లేదు. మూడు వారాలు పులుసు, చారు, గోంగూర, ఆవకాయ, టీ, కాఫీ పూర్తిగా ఆపండి. పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, పులవని పెరుగు, పుచ్చకాయ, బేరిపండు లాంటివి తినండి. తర్వాత మానేసినవి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టండి. ఒకటి తిన్నాక మూడు రోజులు ఆగి చూడండి. ఏది పడడం లేదో మీ ఒంటికే తెలిసిపోతుంది. ఒకరికి పడనిది ఇంకొకరికి హాయిగా పడుతుంది కాబట్టి ఎవరి జాబితా వాళ్లదే. రోగనిరోధక శక్తికని విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే అవి కూడా ఆపి చూడండి. చప్పరించే పెద్ద మాత్రలు ముఖ్యంగా.

నీళ్లు తగ్గించకండి. టీచర్లు, బస్సు ప్రయాణాలు చేసే ఉద్యోగినులు చాలామంది బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలం ఇంకొంచెం, కొద్దికొద్దిగా తాగండి. ఒకేసారి చెంబెడు తాగొద్దు. బార్లీ నీళ్లు తాగొచ్చు, అందులో నిమ్మ పిండకండి. మలబద్ధకం ఉంటే దాని సంగతి చూడకుండా ఈ నొప్పి తగ్గదు. వెస్టర్న్ కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. బయట శుభ్రంగా లేదని సీటుకి తగలకుండా గాల్లో సగం వంగి మూత్రం పోస్తే కండరం వదలదు, మూత్రం పూర్తిగా రాదు. సీటు తుడుచుకునో, కాగితం పరుచుకునో కూర్చోవడమే మేలు.

ముప్పావు గంటకోసారి వెళ్లడాన్ని నొప్పి కాస్త అదుపులోకి వచ్చాకే సరిచేయాలి. అప్పటిదాకా మూడు రోజులు ఒక పని చేయండి. పాత కొలత గ్లాసు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకుని, వెళ్లిన ప్రతిసారీ సమయం, ఎన్ని మిల్లీలీటర్లు, నొప్పి పదికి ఎంత అని నోట్‌బుక్‌లో రాయండి. మామూలుగా మూత్రాశయం 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు. మీది వంద దగ్గరే తొందరపెడుతోందా, లేక ‘ముందు జాగ్రత్త’గా వెళ్తున్నారా అన్నది ఆ కాగితం చూస్తే నాలాంటి వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తర్వాత వారానికి పది పదిహేను నిమిషాల చొప్పున మధ్య సమయం పెంచుకుంటూ పోవచ్చు. నొప్పిని పళ్లబిగువున భరిస్తూ ఆపుకోవడం మాత్రం వద్దు.

కండరాలు పట్టేసిన రోజున పొత్తికడుపు మీద గానీ, కూర్చునే చోట గానీ బట్టలో చుట్టిన వేడినీళ్ల బ్యాగు పెట్టుకోండి. లేదా వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట కూర్చోండి. కొందరికి చల్లటి కాపడం బాగుంటుంది, ఏది సుఖమనిపిస్తే అదే. బడిలో అయితే కుర్చీలో ముందుకి వాలి, మోచేతులు తొడల మీద ఆనించి పైన చెప్పినట్టు శ్వాస తీయండి. హెడ్‌మాస్టర్‌కి విషయం క్లుప్తంగా చెప్పి, క్లాసు మధ్యలో వెళ్లే వెసులుబాటు అడగండి. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే డాక్టర్ ఉత్తరం ఇస్తే సరిపోతుంది.

వీటితో తగ్గకపోతే మందులున్నాయి. ఎక్కువగా రాసేది అమిట్రిప్టిలిన్, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నెట్‌లో వెతికి ‘నాకు డిప్రెషన్ మందు ఇచ్చారు’ అని భయపడి మానేసేవాళ్లు చాలామంది. తక్కువ మోతాదులో అది నరాల నొప్పిని తగ్గించి నిద్ర పట్టిస్తుంది. నోరు ఎండడం, మగత, మలబద్ధకం ఉండొచ్చు. గుండె జబ్బు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి. పెంటోసాన్ అనే మందు రాస్తే, దీర్ఘకాలం వాడితే కంటి రెటీనాపై ప్రభావం పడే అవకాశం ఉంది కాబట్టి కంటి పరీక్ష చేయించుకోవాలి. సోలిఫెనసిన్ లాంటి మందులు మూత్రానికి పరుగెత్తే తొందరని తగ్గిస్తాయి కానీ నొప్పికి అంతగా పనిచేయవు. సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకే మందు ఎక్కించడం, బొటాక్స్ ఇంజెక్షన్ లాంటివి ఆ తర్వాతి మెట్లు. సిస్టోస్కోపీలో, అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షలో, హన్నర్ పుండ్లు (ఈ జబ్బులో కొందరికి మూత్రాశయం లోపలి గోడ మీద వచ్చేవి) కనిపిస్తే మాత్రం వాటిని కాల్చేయడమో, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తే చాలామందికి బాగా తేలికపడుతుంది. కాబట్టి ఆ పరీక్ష అవసరమా అని మీ యూరాలజిస్ట్‌ని అడగండి.

మీరు రాయలేదు గానీ, భార్యాభర్తల కలయికలో నొప్పి ఉంటే అది కూడా ఈ కండరాల పనే కావచ్చు. డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడకండి. మీ వారిని కూడా ఒకసారి వెంట తీసుకెళ్లండి. ‘టెన్షన్’ అన్న మాట ఇంట్లో ఆగిపోవాలంటే ఆయన డాక్టర్ నోట వినడమే మంచి మార్గం. టెన్షన్ వల్ల నొప్పి పెరుగుతుందన్నది నిజం, అంతమాత్రాన జబ్బు మనసులో ఉన్నట్టు కాదు.

క్యాన్సర్ గురించి: ఈ జబ్బు క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారాలు లేవు. జీవితాంతం ఇంతేనా అంటే, ఇంతలా ఉండదు. పూర్తిగా మాయమవుతుందని మాట ఇవ్వలేను. సరైన దారిలో పడితే మూడు నాలుగు నెలల్లో చాలామందికి రాత్రులు లేవడం తగ్గుతుంది, మంచి రోజులు పెరుగుతాయి. మధ్యలో మళ్లీ ఒకసారి విజృంభిస్తే మొదటికొచ్చిందని బెంబేలు పడకండి. నెలసరి ముందు, ప్రయాణాల తర్వాత అలా జరుగుతుంటుంది. నొప్పి ప్రతి నెలా నెలసరితోనే ముడిపడి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) ఉందేమో చూడాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్‌తో పాటు పాత మూత్ర పరీక్ష, కల్చర్ రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. వాటిలో చీము కణాలు ఎక్కువగా ఉండి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదని ఉంటే మూత్రంలో టీబీ పరీక్ష కూడా చేయించాలి. మన దేశంలో దాన్ని మర్చిపోకూడదు. ఈలోగా మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగబట్టి అసలు రాకపోయినా, కూర్చునే భాగంలో తిమ్మిరి, కాళ్లలో బలహీనత అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.