సోమవారం బోన్ స్కాన్లలో థైరాయిడ్ కనిపిస్తోందా? జనరేటర్‌ను చూడండి

సోమవారం స్కాన్లలోనే థైరాయిడ్, కడుపు మెరుస్తున్నాయని రాశారు కదండీ, కెమెరాను అనుమానించకండి. స్కాన్‌కు కావలసిన రేడియోధార్మిక టెక్నీషియం-99ఎంను ఇచ్చే జనరేటర్‌ను శుక్రవారం తరువాత ముట్టకపోతే, ఆ 99ఎం క్షయించి స్కాన్‌కు పనికిరాని టెక్నీషియం-99గా లోపల పోగవుతుంది. ఎండీపీ (టెక్నీషియంను ఎముకకు చేర్చే మందు) వయల్‌లో, ఆ రెండింటినీ కలపడానికి ఉండే కాస్త తగరాన్నీ చాలావరకు అదే తినేస్తుంది. అప్పుడు మిగిలిన పర్‌టెక్నిటేట్ (ఎండీపీతో కలవని టెక్నీషియం) ఎముకకు అంటుకోక థైరాయిడ్‌కూ కడుపుకూ చేరుతుంది.

వీలైతే ఆదివారం సాయంత్రం ఎవరినైనా ఒకసారి ఎల్యూట్ చేయమనండి, అంటే జనరేటర్‌లోని టెక్నీషియంను సెలైన్‌తో కడిగి తీయమనండి. కుదరకపోతే సోమవారం మొదటి ఎల్యూషన్‌ను తీసి పక్కన పెట్టండి, ఎండీపీ లాంటి కిట్లకు వాడకండి. ఆ తరువాత 6 గంటలు ఆగితే టెక్నీషియం-99ఎం దాదాపు సగం తిరిగి వస్తుంది, బోన్ స్కాన్లను మధ్యాహ్నానికి జరపండి.

వయల్‌లోకి గాలి కూడా పోనివ్వకండి, అదీ తగరాన్ని పాడుచేస్తుంది. కొత్తలో నేను సిరంజితో గాలి నెట్టి రెండు వయల్స్ పాడుచేశాను! ఇంజెక్షన్‌కు ముందు అసిటోన్‌తో పేపర్ క్రోమటోగ్రఫీ (కాగితపు పట్టీపై విడదీసి చూసే పరీక్ష) చేయండి. పర్‌టెక్నిటేట్ ఉంటే పట్టీ పై అంచుకు పాకి దొరికిపోతుంది.