అమ్మ కొంగులోంచి చూసిన పచ్చటి చెయ్యి

గత నెల ఇదే పేజీలో చిన్నప్పుడు ఇంగ్లండులో చూసిన ‘డాక్టర్ హూ’ సీరియల్ గురించి నాలుగు ముక్కలు రాశాను. 1973 నుంచి 1979 దాకా మేం లంకాషైర్‌లో ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. వెళ్లేటప్పటికి నాకు ఐదేళ్లు, వచ్చేటప్పటికి పదకొండు. నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడి ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేశారు. ఆ నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

సీరియల్ సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. ఇందులో డాక్టర్ అంటే వైద్యుడు కాదు, వేరే గ్రహం మనిషి. పోలీసు పెట్టె అనే నీలం రంగు డబ్బాలో ఏ కాలానికైనా, ఏ లోకానికైనా వెళ్తాడు. బయటికి బీరువా అంత కనిపించే ఆ పెట్టె లోపల పెద్ద హాలంత ఉంటుంది. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది.

*మేడమ్, చిన్నప్పుడు ముఖం కప్పుకుని చూసిన సీరియల్‌ని మళ్లీ చూశానని రాశారు. ఇప్పుడు ఎలా అనిపించింది? నాకు ఇష్టమైన పాతవి ఒకటి రెండు మళ్లీ చూసి చాలా నిరుత్సాహపడ్డాను. అందుకే అడుగుతున్నాను.*
– ఒక పాఠకుడు, తెనాలి

ఆ భయం నాకూ ఉంది. పోయిన డిసెంబరులో లెస్టర్‌లో మా తమ్ముడింటికి వెళ్లాను. అక్కడ బీబీసీ ఐప్లేయర్‌లో పాత కథలు చాలా దొరుకుతున్నాయని మరదలు చెప్పింది. రెండు రోజులు రిమోట్ జోలికి పోలేదు. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక పెట్టాను.

పెట్టింది ‘ది ఆర్క్ ఇన్ స్పేస్’. 1975 జనవరి 25 నుంచి వరసగా నాలుగు శనివారాలు వచ్చిన కథ. నటుడు టామ్ బేకర్ డాక్టరుగా వచ్చిన కొత్త. భూమి మీద బతికే వీల్లేక మనుషులు ఒక అంతరిక్ష కేంద్రంలో, వరసగా పేర్చిన అరల్లో నిద్రపోతుంటారు. లేవాల్సిన సమయం దాటి వేల ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా మనిషంత పురుగు ఒకటి లోపలికి చొరబడి, నిద్రలో ఉన్న ఒకాయన ఒంట్లో గుడ్లు పెడుతుంది. మేలుకున్నవాళ్ల నాయకుణ్ణి అందరూ నోవా అంటారు. ఆ పురుగుపిల్ల అతనికి తగులుతుంది. అప్పట్నుంచీ ఒక చెయ్యి జేబులోంచి తియ్యడు. రెండో భాగం చివర, ఎవరూ లేనప్పుడు, తీసి చూసుకుంటాడు.

ఇంగ్లండులో నా ఈడువాళ్లంతా ఈ సీరియల్‌ని సోఫా వెనక దాక్కుని చూశామంటారు. మా సోఫా గోడకు ఆనించి ఉండేది, దాని వెనక దూరే చోటు లేదు. నాకు అమ్మ కొంగే దిక్కు. బాగా ఉతికి మెత్తబడిన వెంకటగిరి చీర. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంటే, అద్దెకు తెచ్చుకున్న మా కలర్ టీవీ దారాల మధ్య నుంచి సన్నసన్న గళ్లుగా కనిపించేది. నోవా చేతిని ఆ గళ్లలోంచే చూశాను. పచ్చగా, తడితడిగా, వేళ్లనేవి లేకుండా మెరుస్తోంది. ఆ రాత్రి నా చేతులు దుప్పటి బయట పెట్టుకుని పడుకున్నాను, మధ్యలో లేచి చూసుకోవడానికి వీలుగా.

ఈసారి కొంగు లేదు. చెయ్యి బయటికి రాగానే తెలిసిపోయింది, బబుల్ ర్యాప్. కొత్త మిక్సీ కొంటే చుట్టి ఇస్తారే, అదే బుడగల ప్లాస్టిక్ షీటు. దానికి పచ్చరంగు వేసి చేతికి చుట్టారు. రిమోట్ నొక్కి ఆపాను. బుడగలు లెక్కపెట్టొచ్చు.

అయినా ఒళ్లు జలదరించింది. ఆపిన బొమ్మలో నేను చూస్తున్నది చేతిని కాదు, నోవా వేషం వేసిన కెంటన్ మూర్ ముఖాన్ని. తన చెయ్యి తనది కాకుండా పోతుంటే మనిషి ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు. ఎక్కడా నటన తగ్గించలేదు. పిల్లల ప్రోగ్రామే కదా అనుకోలేదు. తర్వాతి భాగంలో అతను తనను చంపెయ్యమని బతిమాలే సన్నివేశం కూడా తీశారు. పిల్లలు తట్టుకోలేరని ప్రసారానికి ముందే తీసేశారు.

నా భయం అసలు ఎక్కడ మొదలైందో కూడా ఆ రాత్రే తెలిసింది. అది చేతి దగ్గర కాదు, నిద్రపోతున్న మనుషుల దగ్గర. నాన్న ఉద్యోగం మనుషుల్ని నిద్రపుచ్చడమని నాకు తెలుసు. ఆదివారం పొద్దున ఆయన షూ పాలిష్ చేసుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను, “నాన్నా, నువ్వు నిద్రపుచ్చినవాళ్లు అందరూ లేస్తారా?” అని. ఆయన బ్రష్ పక్కన పెట్టారు. “లేచేదాకా పక్కనే కూర్చుంటానమ్మా. ఊపిరి చూస్తూ ఉంటాను. పేరు పెట్టి పిలుస్తాను, కళ్లు తెరుస్తారు” అన్నారు. అందరూ లేస్తారని మాత్రం అనలేదు. ఏడేళ్ల పిల్లకు ఆయన అబద్ధం చెప్పలేదని నాకు యాభయ్యేళ్లు దాటాక అర్థమైంది. నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఇంత సంగతి ఒక పాత సీరియల్ తిరిగి తెచ్చి ఇచ్చింది. మీకు నిరుత్సాహం కలిగించిన వాటిని ఇంకోసారి చూడండి. ఈసారి మాస్కుల్ని వదిలేసి ముఖాలు చూడండి.

*మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఈ సీరియల్ పాత భాగాలు చూసి ఒకటే నవ్వు. అట్ట సెట్లు, బాత్రూం ప్లంజరు పెట్టుకుని తిరిగే డబ్బాలు! వీటికి జనం భయపడ్డారంటే నమ్మలేకపోతున్నాం.*
– ఒక పాఠకుడు, హనుమకొండ

ఆ డబ్బాల పేరు డాలెక్‌లు. టెర్రీ నేషన్ కథ రాస్తే, రేమండ్ క్యూసిక్ రూపం గీశాడు. చేతి బదులు ఉన్నది సింకు ప్లంజరే. లోపల ఒక మనిషి కూర్చుని కాళ్లతో తోసుకుంటూ కదుపుతాడు. మీ అబ్బాయిని ఒకసారి కళ్లు మూసుకుని వినమనండి. డాలెక్ గొంతుని రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం గుండా పంపించారు. అది ఏం చేస్తుందో ఇంజినీరింగ్ కుర్రాడికి నాకంటే బాగా తెలుస్తుంది. కోపం ఉండి, మనిషి లేని గొంతు అది.

ఆ సీరియల్‌లో సగం భయం చెవుల్లోంచే వచ్చింది. టైటిల్ మ్యూజిక్ రాన్ గ్రెయినర్ బాణీ. దాన్ని బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాపులో డీలియా డెర్బీషైర్ తయారుచేశారు. సింథసైజర్లు దొరకని 1963లో ఒక్కో స్వరాన్నీ టేపు మీద విడిగా పుట్టించి, బ్లేడుతో కోసి, అతికించి పాటగా నిలబెట్టారు. నీలం పెట్టె మాయమయ్యేటప్పుడు రొప్పుతున్నట్టు వచ్చే చప్పుడుందే, అది అదే వర్క్‌షాపులో పనిచేసిన బ్రయన్ హాడ్జ్‌సన్ వాళ్లమ్మ ఇంటి తాళంచెవితో పాత పియానో తీగ మీద గీసి రికార్డు చేసింది. అది విన్నాక నేను మా వీధి తలుపు తాళంచెవితో స్టీలు కంచం అంచు మీద గీసి చూశాను. చాలా దగ్గరగా వచ్చింది.

డబ్బు లేకపోవడం ఒక్కోసారి మేలు చేసింది. 1970 జనవరిలో మొదలైన కథలో బట్టల షాపు బొమ్మలు ప్రాణం పోసుకుని వీధిలోకి వస్తాయి. అద్దాలు పగలగొట్టి తీసే స్తోమత లేక, పగిలిన చప్పుడు మాత్రం వినిపించి, జనం ముఖాలు చూపించారు. 2005లో సీరియల్ మళ్లీ మొదలైనప్పుడు అవే బొమ్మల్ని తెచ్చి, ఈసారి అద్దాలు నిజంగానే పగలగొట్టారు. నాకు మాత్రం పాతదే ఎక్కువ పట్టింది. ఆ కథ నేను పుట్టిన కొత్తలో వచ్చింది, మొన్ననే చూశాను. ఇప్పుడు కూకట్‌పల్లి మాల్‌లో చీర కట్టిన బొమ్మ పక్కనుంచి నడుస్తుంటే దాని చేతుల వైపు ఒకసారి చూడకుండా ఉండలేకపోతున్నాను.

*అమ్మా, మా మనవడికి ఏడేళ్లు, ఇంగ్లండులో రీడింగ్‌లో ఉంటాడు. ఆ సీరియల్‌లో చూడనప్పుడల్లా దగ్గరికొచ్చే రాతి విగ్రహాల కథ చూసి వారం రోజులుగా లైటు తియ్యనివ్వడం లేదట. కోడలు టీవీ బంద్ చేసింది. వాడు ఇంకా చూస్తానని ఏడుస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?*
– ఒక నాయనమ్మ, కాకినాడ

అది 2007లో వచ్చిన ‘బ్లింక్’ కథ అయి ఉంటుంది. రెప్ప వేస్తే చాలు విగ్రహం కదులుతుంది. పెద్దవాళ్లకే చలి పుట్టించే కథ. ఏడేళ్లవాడు ఒక్కడే చూడాల్సింది కాదు. మీ కోడలిని తప్పు పట్టను.

ఇలాంటి గొడవ నా చిన్నతనంలోనూ జరిగింది. 1976లో ఒక కథలో డాక్టర్ తల నీళ్లలో ముంచి పట్టుకున్న బొమ్మ దగ్గర ఎపిసోడ్ ఆపేశారు. మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ, టీవీలో హింస మీద ఏళ్ల తరబడి పోరాడిన మనిషి, పిల్లలు వారమంతా ఆ బొమ్మ కళ్లలో పెట్టుకుని ఉండాలా అని బీబీసీని నిలదీసింది. బీబీసీ క్షమాపణ చెప్పి, ఆ బిట్ కత్తిరించింది. ఆవిడ చెప్పినవాటిలో చాలా నాకు నచ్చవు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం న్యాయమైనదే. నన్ను వేధించింది కూడా ఆ వారం రోజుల ఎదురుచూపే.

మీరు ఇలా చేసి చూడండి. వీడియో కాల్‌లో ఆ విగ్రహాల కథ మీకు చెప్పమనండి. మీరు తొందరపెట్టకండి, నవ్వకండి, అవన్నీ ఉత్తివిరా అనకండి. వాడికి అవి ఉత్తివని తెలుసు, అయినా భయం వేస్తోంది. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని అడుగుతూ ఉండండి. కథ చెప్పేవాడు కథకు యజమాని అవుతాడు. లైటు ఇంకో వారం ఉండనివ్వమని కోడలికి చెప్పండి. మళ్లీ చూసేటప్పుడు పగటిపూట, పక్కన ఒకళ్లు కూర్చుని, వాడు చెయ్యి గట్టిగా పట్టుకుంటే పట్టుకోనివ్వమనండి.

*ఈ సీరియల్‌కి మన దేశంతో సంబంధం ఉందని విన్నాను, నిజమేనా?*
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

నిజమే. మొట్టమొదటి కథకు దర్శకుడు వారిస్ హుసేన్, లక్నోలో పుట్టారు. రచయిత్రి అతియా హుసేన్ కొడుకు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ కూడా కుర్రదే. ఈ ఇద్దర్నీ అక్కడి పాత ఉద్యోగులు ఎలా చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. 2018లో పంజాబ్ విభజన మీద వచ్చిన ఒక ఎపిసోడ్‌ని వినయ్ పటేల్ రాశారు, చాలా బాగుంటుంది.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 1977లో ‘ది టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్’ అనే కథ వచ్చింది. అభిమానుల్లో చాలామందికి ప్రాణం. అందులో చైనా మనిషి వేషం తెల్ల నటుడికి కళ్లు సాగదీసి వేశారు. తొమ్మిదేళ్లప్పుడు నేను ఎలుక రాక్షసికి భయపడ్డానంతే. అదే ఏడాది స్కూల్లో కొందరు పిల్లలు నన్ను చూసి అలాగే కళ్లు లాగి వెక్కిరించేవాళ్లు. వాళ్లకు చైనాకీ గుంటూరుకీ తేడా లేదు. మొన్న ఆ కథ పెట్టి పది నిమిషాలకే ఆపేశాను. మళ్లీ పెట్టను.

*పాత ఎపిసోడ్లు కొన్ని అసలు లేవంటారు. ఎందుకని?*
– ఒక పాఠకుడు, అనంతపురం

టేపు ఖరీదెక్కువని 1960ల నాటివి చెరిపి వాడుకున్నారు. కొన్నింటి ఫిలిం కాపీలు విదేశాలకు అమ్మినవి అక్కడక్కడా మిగిలాయి. 2013లో తొమ్మిది ఎపిసోడ్లు నైజీరియాలో దొరికాయని ప్రకటించారు. ఇంకా దొరకాల్సినవి చాలా ఉన్నాయి. అయితే పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మిగిలింది. టీవీ ముందు మైకు పెట్టుకుని ఇళ్లల్లో రికార్డు చేసుకున్న పిల్లల చలవ అది. మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లుంటే దయచేసి పారెయ్యకండి.

*గుంటూరు వచ్చేశాక ఆ సీరియల్ లేకుండా ఎలా ఉన్నారు?*
– ఒక పాఠకురాలు, గుంటూరు

మా ఇంట్లో అప్పుడు టీవీయే లేదు. వేసవి రాత్రుళ్లు డాబా మీద నీళ్లు చల్లి, పక్కలు వేసుకున్నాక, మా పిన్ని పిల్లలకు నేనే కథలు చెప్పేదాన్ని. పచ్చ చెయ్యి కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నారో లెక్కలేదు. చిక్కేమిటంటే, దాని నాలుగో భాగం నేను చూడలేదు. ఆ శనివారం నాన్నకు ఎమర్జెన్సీ వచ్చింది, అమ్మ మమ్మల్ని తీసుకుని మాంచెస్టర్‌లో ఒక బారసాలకు వెళ్లింది. అక్కడ టీవీ ఉన్న గదిలో పెద్దవాళ్లు పేకాడుతున్నారు. అడగడానికి నోరు రాలేదు. ఆ వేసవిలో మళ్లీ వేసినప్పుడు మేం సెలవులకు గుంటూరులో ఉన్నాం. అందుకని డాబా మీద నా సొంత ముగింపు చెప్పాను. ఒక మత్తు డాక్టర్ వచ్చి నోవాని నిద్రపుచ్చి, చెయ్యి బాగుచేసి, పేరు పెట్టి లేపుతాడు.

అసలు ముగింపు డిసెంబరులో చూశాను. నోవా పూర్తిగా పురుగైపోతాడు. కానీ లోపల మనిషి కాస్త మిగులుతాడు. పురుగుల మందనంతా వెంటబెట్టుకుని రాకెట్‌లోకి ఎక్కుతాడు. దారి తప్పకుండా చూసే మీట కావాలనే వెయ్యడు. రాకెట్ పేలిపోతుంది. అంతకుముందు, తనను పెళ్లాడాల్సిన వీరాకి రేడియోలో వెళ్తున్నానని చెప్తాడు.

మర్నాడు ఒంగోలులో ఉన్న పిన్ని కొడుక్కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడికిప్పుడు యాభై మూడు. కాసేపు ఏం మాట్లాడలేదు. “అక్కా, మా అమ్మాయికి నువ్వు చెప్పిందే చెప్పానే ఇన్నాళ్లూ” అన్నాడు. “మార్చకులేరా” అన్నాను.