హనోయి కాఫీ అంగడి గురించి రాస్తున్న యువ రచయితకు

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, వియత్నాం రాజధాని హనోయి నగరంలో నీకు తారసపడిన కాఫీ అంగడి గురించి నీవు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆ చోటు నీ మనసుకు ఎంతగా పట్టిందో ప్రతి పుటలోనూ తెలుస్తూనే ఉంది. అయితే నీ ఆనందం కనిపించినంతగా ఆ అంగడి కనిపించలేదు. 'అద్భుతం', 'మరపురాని అనుభూతి' అంటూ ఎన్నిసార్లు రాసినా, కావలిలోనో కందుకూరులోనో కూర్చుని చదివే మనిషి కళ్ల ముందుకు ఆ కప్పు రాదు.

నీవు వెళ్లిన కఫే జాంగ్ 1946లో మొదలైంది. అక్కడి మెట్రోపోల్ హోటల్లో పనిచేసిన న్గుయెన్ వాన్ జాంగ్, ఫ్రెంచివారితో పోరు ముదురుతున్న రోజులలో తాజా పాలు దొరకడం గగనమైనప్పుడు, పాలకు బదులుగా గుడ్డులోని పచ్చసొనను తీపి చేర్చి గిలకొట్టి కాఫీ మీద వేసి ఇవ్వడం ఆరంభించారు. ఆయన సంతతివారే నేటికీ ఆ అంగడిని నడుపుతున్నారు. వ్యాసానికి ప్రాణమైన ఈ సంగతిని నీవు చివరి పుటలో ఒక్క వాక్యంతో సరిపెట్టావు. దానిని ముందుకు తీసుకురా. పాలు లేని ఊళ్లో కాఫీ తాగాలనుకున్న మనుషులు పాఠకుడికి మొదట పరిచయమైతే, ఆ తరువాత నీవు చెప్పే రుచిని అతడు నమ్ముతాడు.

ఇక మనవాళ్లకు వచ్చే మొదటి సందేహం, కాఫీలో గుడ్డు వేస్తే నీచు వాసన రాదా అని. చేపల పులుసు వండుకునే మన జిల్లాలో నీచు సంగతి తెలియని ఇల్లు అరుదు; ఆ ప్రశ్నను దాటవేస్తే నీ పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. తెల్లసొనను తీసేసి పచ్చసొనను మాత్రమే వాడతారనీ, చిక్కటి తీపి డబ్బాపాలు (కండెన్స్‌డ్ మిల్క్), చక్కెర కలిపి అది మీగడలా చిక్కబడేదాకా గిలకొడతారనీ, కింద ఉన్న రోబస్టా అనే ఘాటైన రకం గింజలతో చేసిన చిక్కటి కాఫీ చేదు, ఘాటు ఆ వాసనను పైకి రానివ్వవనీ వివరంగా రాయి. కప్పును వేడినీళ్లు పోసిన చిన్న గిన్నెలో నిలబెట్టి తెచ్చి ఇస్తారు కదా, చల్లారితే ఆ నురుగు బాగుండదని. నీ వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఆ గిన్నె గురించి రాసినదే. అంత దగ్గరగా చూసిన కన్ను మిగతా చోట్ల ఎందుకు అలసిపోయిందో ఆలోచించు.

మన ఫిల్టరు కాఫీ ముందు ఇదెంత అన్న పేరాను పూర్తిగా తీసేయి. పోలిక పనికివచ్చే చోటు వేరే ఉంది. మన ఇళ్లలో ఒకే ఫిల్టరులో దిగిన డికాక్షన్ ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. అక్కడ మామూలు కాఫీకి ఎవరి కప్పు మీద వారికే 'ఫిన్' అనే చిన్న ఫిల్టరు పెడతారు, అడుగున ఉన్న డబ్బాపాల మీదికి డికాక్షన్ చుక్కచుక్కగా దిగేవరకూ తాగేవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. కాఫీ పంటలో బ్రెజిల్ తరువాతి స్థానం వియత్నాందే అన్న మాట ఇక్కడ చేర్చు, చాలు. లెక్కలతో పుట నింపవద్దు.

మరొక్క విషయం. సన్నటి సందులోంచి లోపలికి నడిచి, ఆ అంగడిని నీవే మొదటిసారి కనుగొన్నట్టు రాశావు. నీ పక్క పీట మీద కూర్చున్నవారు ఏళ్ల తరబడి అక్కడికి వస్తున్నవారు కావచ్చు. వారు ఏమి అడిగి తాగారు, ఎంతసేపు కూర్చున్నారు, డబ్బులు ఎవరి చేతికి ఇచ్చారు? ఇవి నీ నోటుపుస్తకంలో ఉంటే వ్యాసంలోకి తీసుకురా. లేకపోతే ఊహించి మాత్రం రాయవద్దు.

తిరగరాసిన ప్రతిని దసరాలోపు పంపు, కూర్చుని మళ్లీ చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి